ఎర్రటి పూసలు చుట్టే సూక్ష్మజీవి

బోరబండలో మందుల షాపులకు కొదవ లేదు. భరత్‌నగర్‌కూ హైటెక్ సిటీకీ నడుమ ఎంఎంటీఎస్ ఆగే స్టేషన్ మాది. ఐటీ టవర్లు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, కోడ్ రాసే కుర్రాళ్లు, అందరూ పొద్దున్నే ఇక్కడినుంచే బయల్దేరతారు. రాత్రి ఇంటికొచ్చేటప్పుడు ఒక చేతిలో పెరుగు ప్యాకెట్టు, ఇంకో చేతిలో గ్యాస్ గోలీల షీటు. వేళకు తిండి లేని ఉద్యోగాలు మరి. ఈ మధ్య ఆ షాపుల కౌంటర్ల మీదికి కొత్త సరుకు చేరింది. ఒక డబ్బాలో ప్రొబయాటిక్ క్యాప్సూళ్లు, పక్క డబ్బాలో జింకు, సెలీనియం కలిపిన విటమిన్ గోలీలు. "సార్, గీ రెండూ కలిపి ఏసుకుంటే పెద్దపేగు క్యాన్సర్ రాదంట గదా?" అని మా వీధి షాపతను అడిగాడు. ఫోన్లో ఏదో వీడియో చూశాడట.

అతనికి అప్పుడు నాలుగు ముక్కల్లో ఏదో చెప్పి వచ్చేశాను గానీ, ఆ ప్రశ్న వెనక ఉన్న అసలు సంగతి నాలుగు ముక్కలకు లొంగేది కాదు. ఖనిజాన్ని ఒక గోలీగా, బ్యాక్టీరియాను ఇంకో గోలీగా మింగడం వేరు. ఆ ఖనిజాన్ని ముందు బ్యాక్టీరియాకే తినిపించి, దాని ఒంట్లో అది రూపు మారాక, ఆ బ్యాక్టీరియాను మనం తినడం వేరు. పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేస్తుందేమోనని చాలా దేశాల్లో పరిశోధకులు పరీక్షిస్తున్నది ఈ రెండో పద్ధతిని. మందుగా దాని యోగ్యత ఏమిటో తరువాత చూద్దాం. ముందు ఆ సూక్ష్మజీవి పనితనం చూడాలి. దాన్ని దగ్గరగా చూసినవాళ్లెవరైనా ఒకసారి ఔరా అనుకోవాల్సిందే.

లాక్టోబాసిల్లస్ అంటే పాలను పులియబెట్టే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా. పొడవు రెండు మూడు మైక్రోమీటర్లు, మందం ఒక మైక్రోమీటరు కూడా ఉండదు. దీన్ని లాబ్‌లో పెంచడానికి ఎంఆర్‌ఎస్ అనే ద్రవం వాడతారు. 1960లో డి మాన్, రొగోసా, షార్ప్ అనే ముగ్గురు కుదిర్చిన పాళ్లు అవి. ఆ మూడు అక్షరాలూ వాళ్ల పేర్లలోవే. గ్లూకోజు, పెప్టోన్, మాంసం సారం, ఈస్టు సారం, చిటికెడు మెగ్నీషియం, చిటికెడు మాంగనీసు. చూడడానికి పలచటి డికాషన్ రంగులో ఉంటుంది. ఇందులో కాస్త బ్యాక్టీరియా వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచితే, రాత్రికి రాత్రి ద్రవం మసకబారి పుల్లటి వాసన వేస్తుంది. ఇంతవరకూ మన ఇంట్లో పాలు తోడుకునే కథే.

అసలు పని దీని తరువాత మొదలవుతుంది. ఈ ద్రవంలో సోడియం సెలినైట్ వేస్తారు. తెల్లటి పొడి, నీళ్లలో కలిపితే రంగుండదు, పైగా విషం. మోతాదు కాస్త ఎక్కువైతే బ్యాక్టీరియా చస్తుంది, తక్కువైతే దాని ఒంట్లోకి చేరేది నామమాత్రం. అందుకే మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని మెట్టుమెట్టుగా పెంచుతూ చూస్తారు. ఎప్పుడు వేయాలన్నదీ ముఖ్యమే. కణాలు ఇంకా ఊపందుకోకముందే వేస్తే పెరుగుదల అక్కడే ఆగిపోతుంది. జోరుగా రెట్టింపవుతున్న వేళ వేస్తే తట్టుకుంటాయి. ఒక్కో స్ట్రెయిన్ ఓర్పు ఒక్కో రకం. ఒకే జాతి పేరున్న రెండు స్ట్రెయిన్లలో ఒకటి హాయిగా పెరుగుతుంటే రెండోది నీరసించిపోతుంది.

మోతాదు, వేళ సరిగ్గా కుదిరితే కొన్ని గంటల్లో సీసా రంగు మారుతుంది. డికాషన్ రంగు ద్రవం నారింజకు తిరిగి, తరువాత ఇటుక ఎరుపుకు వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున మామూలుగా పాలమీగడ రంగులో దిగే ముద్ద ఈసారి ఎర్రగా దిగుతుంది. పైన తేరిన ద్రవాన్ని వంచేసి, ఆ ముద్దను సెలైన్‌తో మళ్లీ మళ్లీ కడుగుతారు. ఈ కడగడం అలవాటుగా చేసే పని కాదు. కణం గోడకు అంటుకున్న సెలీనియాన్నీ కణం లోపలికి వెళ్లిన సెలీనియాన్నీ విడదీసి లెక్కపెట్టాలంటే పైపైన అంటినదంతా పోవాలి. కడగకుండా తూచినవాడికి అంకె గొప్పగానే వస్తుంది, అది అబద్ధపు అంకె. తరువాత ముద్దను గడ్డకట్టించి ఆరబెట్టి పొడి చేస్తారు. అందులో ఎంత సెలీనియం ఉందో, ఏ రూపంలో ఉందో యంత్రాలతో తేలుస్తారు.

ఆ ఎరుపు ఎక్కడిది? బ్యాక్టీరియా సెలినైట్‌లోని ఆక్సిజన్లను ఒక్కొక్కటిగా ఊడబీకి, ఒట్టి సెలీనియం మిగిల్చింది. మూలక రూపంలో సెలీనియం రెండు మూడు రంగుల్లో ఉంటుంది. బూడిద రంగుది ఒకటి, అతి సన్నటి కణాలుగా ఎర్రగా ఉండేది ఇంకొకటి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఈ ఎరుపంతా గుండ్రటి పూసలుగా కనబడుతుంది. ఒక్కో పూస సుమారు 100 నుంచి 500 నానోమీటర్లు. వెయ్యి నానోమీటర్ల మందం కూడా లేని ఒంట్లో అంతంత పూసలు. కొన్ని కణం లోపల నల్లటి చుక్కల్లా, కొన్ని గోడకు ఆనుకొని, కొన్ని బయటికి నెట్టేసి ఉంటాయి. గరుకు అంచు లేకుండా నున్నగా ఉండే ఆ గోళీల మీద ప్రోటీన్ల పొర కూడా ఉంటుంది. ఆ పొర వల్లే అవి ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టవు. నానో కణాలను రసాయనాలతో తయారుచేసే ఫ్యాక్టరీలు అలాంటి పూత కోసం వేరే పదార్థాలు కలపాల్సి వస్తుంది. ఈ జీవి ఆ పనిని తిండి తింటూ చేసేస్తుంది.

ఇదంతా అది మన కోసం చేయడం లేదు, తన ప్రాణం కాపాడుకుంటోంది. నీళ్లలో కరిగే సెలినైట్ కణంలో ఎక్కడికైనా పాకుతుంది. కరగని పూస ఒక మూల పడి ఉంటుంది. ఎలుకల మీద పోల్చి చూసినప్పుడు కూడా నానో పూసల రూపంలోని సెలీనియం, సెలినైట్ కంటే తక్కువ విషమని తేలింది.

పూసలు కథలో సగమే. సెలీనియానికి గంధకం వరసకు అన్న. ఆవర్తన పట్టికలో సరిగ్గా దాని కింది గది సెలీనియానిది. పెదనాన్న కొడుకు, చిన్నాన్న కొడుకు ఒకే పోలికతో ఉంటే పెళ్లిలో చుట్టాలు ఒకరిని చూసి ఇంకొకరనుకొని పలకరించినట్టే, కణంలోని ఎంజైములు కూడా పొరబడతాయి. గంధకం పెట్టాల్సిన చోట సెలీనియాన్ని పెట్టేస్తాయి. అలా సిస్టీన్ సెలీనోసిస్టీన్ అవుతుంది, మెథియోనిన్ సెలీనోమెథియోనిన్ అవుతుంది. పోలిక ఒకటే గానీ స్వభావం ఒకటి కాదు. మన ఒంట్లోని ఆమ్ల క్షారాల స్థాయిలో సిస్టీన్ గంధకం చాలావరకు తన హైడ్రోజన్‌ను పట్టుకొనే ఉంటుంది. సెలీనోసిస్టీన్‌లోని సెలీనియం దాన్ని ఎప్పుడో వదిలేసి చర్యకు సిద్ధంగా ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటిని విరగ్గొట్టే ఎంజైముల్లో మన శరీరం ఏరికోరి సెలీనియాన్నే పెట్టుకున్నది ఇందుకే. మనిషి జన్యువుల్లో సెలీనియం ఉన్న ప్రోటీన్లు 25. అందులో ఒకటి, జీపీఎక్స్2 అనేది, ముఖ్యంగా పేగు గోడలో పనిచేస్తుంది. పేగు పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలు పుట్టే గుంటల అడుగున ఈ ఎంజైము ఎక్కువగా కనబడుతుంది.

అంటే ఎర్రటి ముద్దలో రెండు సరుకులున్నాయి. ఒకటి పూసలు, రెండోది బ్యాక్టీరియా తన ప్రోటీన్లలో అల్లుకున్న సెలీనియం. గోలీలో ఉన్న సెలినైట్‌ను చిన్నపేగు చాలావరకు అక్కడికక్కడే పీల్చేసుకుంటుంది. బ్యాక్టీరియా ఒంట్లో దాగినది కడుపులోని ఆమ్లాన్ని, పైత్యరసాన్ని దాటగలిగితే పెద్దపేగు దాకా చేరవచ్చు. అక్కడ ఈ సెలీనియం సమ్మేళనాల్లో కొన్ని విరిగి మిథైల్‌సెలీనాల్ అనే చిన్న అణువు పుడుతుంది. క్యాన్సర్ కణాల పెరుగుదలకు అడ్డుపడేది ఎక్కువగా ఇదేనని సెలీనియం మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల అంచనా. పనంతా జబ్బు పుట్టే చోటే జరగాలన్నది ఈ ఆలోచనలోని అందం.

ఖనిజాలతో ఈ జాతికి ఉన్న చనువు ఇవాళ్టిది కాదు. నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా నచ్చిన సంగతి మాంగనీసుది. దాదాపు ప్రతి జీవికీ ఇనుము కావాలి. మనకు కావాలి, మన పొలంలో వరికి కావాలి, మనల్ని జబ్బు పెట్టే బ్యాక్టీరియాకు మరీ కావాలి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ మాత్రం ఇనుము లేకుండానే బతికేస్తుంది. బదులుగా మాంగనీసును ఇతర బ్యాక్టీరియా కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంట్లో నింపుకుంటుంది. 1981లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆర్కిబాల్డ్, ఫ్రిడోవిచ్ దీని గుట్టు విప్పారు. ఆక్సిజన్ వల్ల పుట్టే సూపరాక్సైడ్‌ను చంపడానికి మిగతా జీవులు ఒక ప్రత్యేక ఎంజైము తయారుచేసుకుంటాయి. ఆ ఎంజైమును కనిపెట్టిన ఇద్దరిలో ఫ్రిడోవిచ్ ఒకరు. ఈ జీవికి ఆ ఎంజైమే లేదు. ఒంటినిండా కూరుకున్న మాంగనీసే ఆ పని చేసిపెడుతోంది. ఎంజైము తయారుచేసే ఖర్చు మిగిలింది, ఇనుము కోసం పక్కవాడితో కొట్లాడే బాధా తప్పింది. పేగులో ఇనుము మిగిలిపోతే కొన్ని చెడ్డ బ్యాక్టీరియా పెచ్చరిల్లుతాయి. ఆ పందెంలో దిగకుండానే బతికే జీవిని ఖనిజం మోయడానికి ఎంచుకోవడం పరిశోధకుల తెలివి. జింకుతో కూడా ఇదే పద్ధతిలో ప్రయోగాలు జరుగుతున్నాయి. అక్కడ రంగు మారే ముచ్చట లేదు గనక చూసేవాళ్లకు కాస్త చప్పగా ఉంటుంది.

ఖనిజం ఏ రూపంలో ఇస్తున్నామన్నది ఎంత ముఖ్యమో మన ఊరికి కొత్త పాఠం కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన చిన్న విభాగం నుంచి పెరిగి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఉప్పులో అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపి ఇవ్వాలని అక్కడి శాస్త్రవేత్తలు పూనుకున్నారు. వినడానికి సులువే. కానీ ఉప్పులో కాస్త తేమ తగిలితే చాలు, ఇనుము అయోడిన్‌ను ఆవిరి చేస్తుంది, తాను తుప్పు రంగు తిరుగుతుంది. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే పదార్థాన్ని కలిపి ఇనుమును అదుపులో పెట్టాక గానీ రెండూ ఒకే ప్యాకెట్లో ఇమడలేదు. ఈ సంస్థ పనిని పొగిడేవాళ్లు తక్కువ; ఉప్పు తెల్లగా ఉంటే ఎవరికీ ఏమీ కనబడదు కదా.

లాక్టోబాసిల్లస్‌కూ క్యాన్సర్‌కూ మధ్య ముడి మొదట వేసినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడంటే చాలామంది నమ్మరు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితాన్ని తిప్పింది కూడా పేగు జబ్బే. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. ఆ జబ్బు ఆయనకూ సోకింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి మందుతో బతికి బయటపడ్డారు. తరువాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతికి ఫిస్క్‌తో పాటు పేరు తెచ్చుకొని, 1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ పరిశోధనశాలలో చేరారు.

అక్కడ ఆయన బృందం పట్టుకున్న పని, కాలేయంలో ఉన్న ఒక తెలియని పోషకాన్ని విడదీయడం. బస్తాలకొద్దీ కాలేయం నుంచి సారం తీస్తారు, దాన్ని రకరకాలుగా శుద్ధి చేస్తారు. ఏ భాగంలో పోషకం ఉంది, ఏ భాగంలో లేదు? అది ఇంకా పేరు లేని పదార్థం, ఉండేది అణుమాత్రం. ఏ త్రాసులోనూ తూగదు, ఏ రసాయన పరీక్షకూ దొరకదు. అందుకని లాక్టోబాసిల్లస్ కేసీని అడిగారు. ఆ బ్యాక్టీరియా ఆ పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. మిగతా తిండి అంతా పెట్టి, ఆ ఒక్కటి లేకుండా గొట్టాల్లో పెంచుతారు. ఒక్కో గొట్టంలో శుద్ధి చేసిన ఒక్కో భాగం నుంచి చుక్క వేస్తారు. ఏ గొట్టంలో ఎంత పెరిగితే, ఎంత ఆమ్లం పుడితే, ఆ చుక్కలో పోషకం అంత ఉన్నట్టు. గ్రాములో వంద కోట్లో వంతు తేడా కూడా అది పట్టేస్తుంది. ఆ పోషకమే ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసినట్టు సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు, వ్యాసం శీర్షికలో దాని పేరు లాక్టోబాసిల్లస్ కేసీ ఫ్యాక్టర్ అనే ఉంది. ఆ పరీక్షకు ప్రమాణంగా నిలిచిన స్ట్రెయిన్‌ను వర్గీకరణ మారాక ఇప్పుడు రామ్నోసస్ అంటున్నారు. మా మందుల షాపులో ప్రొబయాటిక్ డబ్బాల మీద చదవరాక వదిలేసే పేర్లలో అదొకటి. సుబ్బారావు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం తరువాతి కాలంలో మందైంది.

ఈ కథలో నన్ను ఆపేది దీని తరువాతి మలుపు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులిచ్చి చూశాడు. పోషకం కదా, మేలు చేస్తుందనుకున్నారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనబడింది. అలాగైతే దానికి విరోధిని ఇచ్చి చూద్దామన్నాడు ఫార్బర్. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనకడుగు వేసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. ఫోలేట్ కుటుంబానికే చెందిన ల్యుకోవోరిన్‌ను 1948లో ఇంకో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా సాయంతోనే గుర్తించారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఫ్లోరోయూరాసిల్ ఎక్కించేటప్పుడు దాని పట్టు పెంచడానికి ఇప్పుడు దాన్నే జతచేస్తున్నారు. అదే కుటుంబంలో ఒకటి జబ్బును ఎగదోసింది, ఒకటి అణిచింది, ఇంకొకటి అణిచే మందుకు చేయూత అయింది.

పెద్దపేగు విషయంలోనే ఇంకో ఉదాహరణ. ఇంతకుముందు పేగు గోడ మీద పాలిప్‌లనే చిన్న బుడిపెలు వచ్చి తీయించుకున్న 1,021 మందిని తీసుకొని, కొందరికి రోజూ ఒక మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం, కొందరికి ఉత్తుత్తి గోలీ ఇచ్చి ఏళ్ల తరబడి చూసిన అమెరికా ప్రయోగం 2007లో వెలువడింది. పాలిప్‌లు తగ్గలేదు. పైగా కాలం గడిచేకొద్దీ ముదిరిన పాలిప్‌లు ఫోలిక్ ఆమ్లం తిన్నవాళ్లలోనే ఎక్కువైన సూచనలు కనబడ్డాయి. ఆరోగ్యంగా ఉన్న పేగుకు మేలు చేసే పోషకమే, అప్పటికే మొలకెత్తిన గడ్డకు ఎరువు కావచ్చు.

సెలీనియంది సరిగ్గా ఇదే దారి. 1983లో అమెరికాలో చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1,312 మందిని తీసుకొని, కొందరికి ఉత్తుత్తి గోలీ, కొందరికి సెలీనియం తినిపించిన ఈస్టును రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఇప్పటి లాక్టోబాసిల్లస్ పద్ధతికి దగ్గర చుట్టమే. 1996లో లారీ క్లార్క్ బృందం లెక్క తేల్చింది. వాళ్లు ఆపాలనుకున్న చర్మ క్యాన్సర్ ఆగలేదు. కానీ పెద్దపేగు క్యాన్సర్లు ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లలో 19 వస్తే సెలీనియం వాళ్లలో ఎనిమిదే వచ్చాయి. ప్రపంచం లేచి కూర్చుంది. అయితే అంకెలు చిన్నవి. తరువాతి కాలపు లెక్కలు కూడా కలిపేసరికి పెద్దపేగు విషయంలో ఆ తేడా నమ్మదగినంత గట్టిగా నిలవలేదు. దీన్ని తేల్చడానికి 35,533 మంది మగవాళ్లతో సెలెక్ట్ అనే భారీ ప్రయోగం 2001లో మొదలైంది. అందులో ఈస్టు కాదు, సెలీనియాన్ని సెలీనోమెథియోనిన్ రూపంలో గోలీగా ఇచ్చారు. ప్రయోజనమేమీ కనబడక 2008లో మధ్యలోనే ఆపేశారు. ప్రోస్టేటుకూ లాభం లేదు, పెద్దపేగుకూ లేదు.

ఈ రెండు ప్రయోగాల మధ్య తేడా ఎందుకొచ్చిందన్న వాదన ఇంకా తెగలేదు. మొదటి ప్రయోగంలో చేరినవాళ్లలో రక్తంలో సెలీనియం తక్కువగా ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. రెండోదానిలో చేరినవాళ్లకు సెలీనియం లోటే లేదు. రూపం కూడా తేడా తెచ్చి ఉండవచ్చునంటారు కొందరు. ఖనిజం నింపిన బ్యాక్టీరియా మీద పనిచేసేవాళ్ల ఆశ అంతా ఆ రూపం మీదే. నా మటుకు నాకు రూపం వాదనలో పస ఉందనిపిస్తుంది, కానీ దాన్ని నిరూపించాల్సింది వాదన కాదు. ఇప్పటిదాకా ఉన్న ఆధారం గాజు పళ్లెంలో పెంచిన హెచ్‌టీ-29, కాకో-2 వంటి క్యాన్సర్ కణాల మీద, రసాయనం ఇచ్చి పేగులో గడ్డలు పుట్టించిన ఎలుకల మీద. గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాలను చంపే పదార్థాలు వేలల్లో ఉన్నాయి. సబ్బు నీళ్లు కూడా చంపుతాయి. ఎలుకలో గడ్డలు తగ్గడం అంతకంటే మెరుగైన సాక్ష్యం. మనిషిలో పాలిప్ గడ్డగా మారడానికి తరచూ పదేళ్లకు పైనే పడుతుంది. అన్నేళ్లు మనుషుల్ని వెంటపెట్టుకొని తేల్చిన సాక్ష్యం ఇంకా రాలేదు.

కాబట్టి మా షాపతనికి నా జవాబు ఇది. ఎర్రటి పూసలు చుట్టే ఆ జీవి పనితనానికి ఎన్ని దండాలైనా పెట్టొచ్చు. గోలీల డబ్బా మీద మాత్రం ఆ దండం పెట్టొద్దు. కౌంటర్ మీద ఉన్న ప్రొబయాటిక్‌లో ఆ పూసలు లేవు, పక్క డబ్బాలోని సెలీనియం బ్యాక్టీరియా ఒంట్లోంచి వచ్చినది కాదు. భారతీయులకు రోజుకు చాలునని ఐసీఎంఆర్ చెప్పిన సెలీనియం 40 మైక్రోగ్రాములు. ధాన్యం, చేప, గుడ్డు తినేవాళ్లకు అది కష్టం కాదు. మీరితే జుట్టు రాలుతుంది, గోళ్లు ఊడతాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంటులో లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం పడితే 201 మంది జబ్బుపడ్డారు. సెలీనియం ఈస్టు ప్రయోగంలోనే, ఆ గోలీలు తిన్నవాళ్లలో మధుమేహం కాస్త ఎక్కువగా వచ్చినట్టు తరువాత తేలింది. ఇంటికో షుగర్ మనిషి ఉన్న మన ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. కీమో తీసుకుంటూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకైతే బతికున్న బ్యాక్టీరియా క్యాప్సూలే అరుదుగా రక్తంలోకి చేరి ముప్పు తేవచ్చు. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. పెరుగన్నం ఎప్పటిలాగే తినండి, రుచికి తినండి.

ఇంకో మాట. మా వైపు కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక మొలలు, ఫిషర్, ఫిస్టులా పోస్టర్లు చూసీ చూసీ, మలంలో రక్తం కనబడితే మొలలే అనుకోవడం అందరికీ అలవాటైపోయింది. 2020లో ప్రపంచవ్యాప్తంగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ సుమారు 19 లక్షల మందికి కొత్తగా వచ్చింది, తొమ్మిది లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. మన దేశంలో రేటు పడమటి దేశాలకంటే తక్కువే గానీ, మనవాళ్లు ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమవుతోంది. పాలిప్‌గా ఉన్నప్పుడు కొలనోస్కోపీలో కనబడితే అక్కడే తీసేయవచ్చు. ఏ బ్యాక్టీరియా అక్కర్లేదు. రక్తం పడినా, వారాల తరబడి విరేచనం తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, మందుల షాపు దాకా వచ్చి ఆగిపోకండి. పంజాగుట్టలో నిమ్స్ ఉంది, రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. బోరబండ నుంచి రెండూ దూరం కాదు. ఒక పూట సెలవు పెట్టి వెళ్లి చూపించుకోండి.